వేరు రాళ్ల మీద కోడి చారు

మొదటి జర్మనీ యుద్ధం ఆగిన మరుసటి ఏడు, మార్గశిర మాసం, రెండో ఆదివారం, సాయంత్రం అయిదు గంటలు. మా ఇంట్లో గడియారం లేదు. బరంపురం వైపు పోయే రైలు పలాసలో కూత వేస్తే పడమటి గాలికి మా పెరట్లోకి వినిపించేది. ఆ రైలు వేళ అయిదని తర్వాత తెలుసుకున్నాను. కూత వినబడినప్పుడు నేను పశువుల సాల వెనక మూడు రాళ్లు పేర్చి, వాటి మీద చిన్న కుండ పెట్టి, కిందకు ఎండు కొబ్బరి మట్టలు ఎగదోస్తున్నాను. కుండలో మా ఆయన కోసం కోడి చారు ఉడుకుతోంది. ఆ మూడు రాళ్ల వల్ల ఆ పూట మా ఇల్లు రెండు ముక్కలు కావలసింది. మనిషి కూడా పోవలసింది. రెండూ జరగలేదు. ఎవరి వల్ల జరగలేదో రాయకపోతే తప్పవుతుంది.

నాకు అక్షరాలు అరవై దాటాక మనవరాలి పలక మీద వచ్చాయి. తప్పులుంటే ఆ పిల్ల దిద్దుతుంది. సంగతి మాత్రం దిద్దనివ్వను.

మా అత్తవారి ఊరు ఉద్దానంలో, పలాసకు తూర్పున, సముద్రానికి ఇవతల. మెట్టన కొబ్బరి, పనస, జీడిమామిడి. పల్లంలో కొంచెం వరి. మా మామకు ఇద్దరు కొడుకులు. పెద్దాయన నాకు బావ. ఆయన భార్య నా తోడికోడలు, అక్కా అని పిలిచేదాన్ని. చిన్నవాడు మా ఆయన. అక్క కాపురానికి వచ్చేనాటికి ఈయనకు ఆరేళ్లట. స్నానం చేయించింది, అన్నం పెట్టింది, వీపు మీద రెండు వేసింది కూడా ఆమే.

వంటిల్లు అక్కది. అందులో నేను నీళ్లు మోసేదాన్ని, నూరేదాన్ని, తోమేదాన్ని. ఏం వండాలో చెప్పేదాన్ని కాదు.

మామది ఒకటే మాట, తాను బతికుండగా ఆ ఇంట్లో రెండో పొయ్యి వెలగకూడదని. మా వైపు అన్నదమ్ములు వేరు పడేటప్పుడు ముందుగా వేరయ్యేది పొలం కాదు, కుండ. ఒక కోడలు తన కుండను వేరే రాళ్ల మీద పెట్టిందంటే ఆమె మొగుడు వాటా అడిగినట్టే లెక్క. పెద్దమనుషులు రావడం, తోట కొలవడం, పశువులు పంచడం ఆ తర్వాతి సంగతి. ఈ సంగతి నాకు తెలీదని రాయను. టెక్కలి దగ్గర మా పుట్టింట్లో ఉన్నది మేం ముగ్గురమే కనుక పట్టింపు లేదు గాని, అత్తవారింట్లో నాలుగేళ్లున్నాక తెలియకుండా ఎలా ఉంటుంది? తెలుసు. పశువుల సాల వెనక పెడితే పొయ్యి కింద లెక్క రాదులే అనుకున్నాను.

ఈయన రంగూన్ వెళ్లకముందు అన్నదమ్ములకు నూతి పక్క కొబ్బరి తోట దగ్గర మాటామాటా వచ్చింది. పంచుకునే రోజు వస్తే ఆ తోట నాదే అని ఈయన కోపంలో అన్నాడు. ఆ నెలలోనే ఓడెక్కాడు. రంగూన్‌ని మా వాళ్లు రంగం అంటారు. రంగంలో ధాన్యం మిల్లులో రెండేళ్లు పనిచేసి, కార్తీకం చివర తిరిగొచ్చాడు. వెళ్లినవాడు వేరు, వచ్చినవాడు వేరు. ఏం తిన్నా కడుపులో నిలిచేది కాదు. వాంతి, లేకపోతే విరేచనం. నీళ్ల చెంబు ఎత్తడానికి రెండు చేతులూ కావలసి వచ్చేవి. అంత నీరసంలో ఉన్న మనిషి కూడా ఎప్పుడు వాటా అడుగుతాడోనని ఇంట్లో అందరూ కనిపెట్టుకుని ఉన్నారు. ఎవరూ పైకి అనలేదు గాని ఆయన దగ్గితే బావ తల తిప్పి చూసేవాడు.

అలా చూసిన బావే బండి కట్టి, గడ్డి మెత్తగా పరిచి, తమ్ముణ్ణి టెక్కలి వైద్యుడి దగ్గరకు తీసుకెళ్లాడు. పేగు పుండు పడిందని ఆయన చెప్పాడట. కారం నోట పెడితే మనిషి దక్కడన్నాడు. చింతపండు వద్దు, కొబ్బరి వద్దు. ఇంకా గుడ్డుకు రాని పెట్టను చారు కాచి, మిరియం చిటికెడు మాత్రం వేసి, మెత్తటి అన్నంలో నలభై రోజులు పొయ్యమన్నాడు. బావ వచ్చి ఇదంతా చెప్తే మామ విని, కారం మానేసి కొబ్బరి మానేస్తే ఉద్దానంలో ఇక తినడానికి మిగిలేది ఇసుకే అన్నాడు. అందరం నవ్వాం. నవ్వి ఎవరి పనికి వాళ్లు పోయాం.

అక్క కూరముక్కల్ని నీళ్లలో రెండుసార్లు కడిగి మరిదికి పెట్టేది. కారం పోయిందనే ఆమె నమ్మకం. కారం లేని కూడు పెట్టడమంటే ఆమె దృష్టిలో పస్తు పెట్టడమే. ఈయన వదిన నొచ్చుకుంటుందని తినేవాడు, తిని పెరట్లోకి పరిగెత్తేవాడు. ఆరు రోజులు అలాగే సాగింది. ఆరో రోజుకి పరిగెత్తే శక్తి కూడా లేదు, మంచం పక్కనే వంగేవాడు. నేను అక్కతో ఒక్క మాట అడిగి ఉంటే సరిపోయేది. నా మొగుడికి విడిగా కోడి వండి పెట్టమని అడగడానికి నాకు నోరు రాలేదు. సిగ్గని ఇన్నాళ్లూ చెప్పుకున్నాను. సిగ్గు కాదు, పొగరు.

ఏడో రోజు ఆదివారం. పుట్టింటి నుంచి తెచ్చుకున్న కోడి పిల్లల్లో ఒక పెట్ట ఎదిగింది. దాన్ని కోసి, ఈకలు పీకి, కొబ్బరాకు మంట మీద కాల్చి, పసుపు రాసి కడిగాను. కొవ్వు, తోలు తీసేశాను. ముక్కలు చిన్నవి చేసి, కాళ్ల ఎముకలు రోకలి చివరతో చితక్కొట్టాను, మూలుగ నీళ్లలోకి దిగాలని. అల్లం, నాలుగు వెల్లుల్లి రేకులు, జీలకర్ర, కాసిని ధనియాలు దంచాను. మిరియాలు ఆరే ఆరు గింజలు. సన్నికల్లు మీద కారం నూరిన జిడ్డు ఉంటుందని దాని జోలికి పోకుండా, కొత్త పెంకు మీద గులకరాయితో నలిపాను. నీళ్లు నిండా పోసి, పైకి వచ్చిన నురగ తీసేస్తూ, సన్న సెగ మీద కాచాను. కుండలో నీళ్లు సగానికి వచ్చాయి. వాసన చూస్తే నాకే నోరూరింది. అప్పుడు రైలు కూత వేసింది, అప్పుడే అక్క ఎండు మట్టల కోసం సాల వెనక్కి వచ్చింది.

ఆమె ముందు రాళ్లు చూసింది. తర్వాత కుండ చూసింది.

"ఏటే ఇది? ఏరు కుండెట్టీసినావా?"

మీ మరిదికి చారు అన్నాను.

"సారు కాయడానికి నా పొయ్యి సాల్లేదా?"

"సాల్లేదు" అన్నాను.

ఆ ఒక్క మాట మింగి ఉండాల్సింది. మింగలేదు. అక్క గొంతు మామూలుగానే పొలం అవతలికి వినిపిస్తుంది. ఆ పూట వీధి అరుగు మీద ఉన్న మామకు, తోట నుంచి అప్పుడే వచ్చిన బావకు, అందరికీ వినిపించింది. బావ పెరట్లోకి వచ్చి నిలబడ్డాడు. మా ఇంట్లో బావలు తమ్ముడి భార్యతో ముఖం చూసి మాట్లాడరు. ఎద్దు వైపు చూస్తూ అడిగాడు, వాటా అడగమని తమ్ముడు చెప్పాడా, లేక నా అంతట నేనే అడుగుతున్నానా అని. నేను జవాబు చెప్పేలోగా గుమ్మంలో చప్పుడైంది. ఈయన గోడ పట్టుకుని లేచి వచ్చాడు. ద్వారబంధాన్ని రెండు చేతులతో పట్టుకుని నిలబడ్డాడు.

"నానేటీ అడగనేదు, అన్నియ్యా" అన్నాడు. "ఏరు కుండలో కూడు నాకొద్దు. పారబొయ్యమను."

ఆయన మొండి మనిషి. వద్దన్నాడంటే ప్రాణం పోయినా నోరు తెరవడు. పొద్దుట నుంచి ఆయన కడుపులోకి పోయింది రెండు గుక్కల గంజి. ఆ చారు తాగకపోతే ఇంకెన్ని రోజులుంటాడో నాకు తెలుసు, అక్కడ నిలబడ్డ అందరికీ తెలుసు. తాగమంటే వేరు కుండను ఒప్పుకున్నట్టు. పారబోయమంటే మనిషిని వదులుకున్నట్టు. మామ అరుగు మీద నుంచి లేచి వచ్చాడు. మా అత్త గోడకు ఆనుకుని కొంగు నోట్లో పెట్టుకుంది. కుండ మాత్రం కుతకుతలాడుతోంది.

అక్క మరిది వైపు చూస్తోంది. చిన్నప్పుడు తాను స్నానం చేయించిన ఒంటి మీద పక్కటెముకలు లెక్కపెట్టేలా ఉన్నాయి. వాటినే చూస్తోంది. తర్వాత నా వైపు తిరిగి, గుడ్డ ఇలా ఇయ్యి అంది. మసిగుడ్డ ఇచ్చాను. కుండ దింపింది. కర్రతో మూడు రాళ్లనూ మూడు వైపులకు తోసేసింది. కుండ పట్టుకుని అందరి మధ్యలోంచి వంటింట్లోకి నడిచింది. పెద్ద పొయ్యి మీద రాత్రికి వండిన ఎండుచేపల కూర ఉంది, ఎర్రగా. దాన్ని దింపి మూల పెట్టి గంప బోర్లించింది. ఆ పొయ్యి మీద నా కుండ పెట్టింది.

"ఈయేల ఈ ఇంట్లో అందరికీ ఇదే. కారం గావాలన్నోలు ఉప్పేసుకుని ఒట్టన్నం తినండి" అంది. గుమ్మం వైపు తిరిగి మరిదితో అంది, "ఒరే, ఇది ఏరు కుండ కాదు. మీ వొదిన పొయ్యి మీద కుండ. కూకో."

ఆయన కూర్చున్నాడు. నిలబడలేక కూర్చున్నాడో, మాట విని కూర్చున్నాడో నేను అడగలేదు.

అప్పుడు అక్క నన్ను అడిగింది, "సెప్పు, ఇంకేటెయ్యాల?" నాలుగేళ్లలో ఆ వంటింట్లో నన్నెవరూ ఆ మాట అడగలేదు. ఒక్క పిట్టంత పెట్ట, బావ కూతుళ్లిద్దరూ నా కూతురూ కలిపి తినేవాళ్లు తొమ్మండుగురు. ముందు మరిదికి సరిపడా చిక్కటి చారు ముంతలోకి వంచి పక్కన పెట్టమన్నాను. పెట్టింది. మిగిలింది పెద్ద కుండలోకి మార్చి, బియ్యం కడుగు నీళ్లు పోసి, ఒక గుప్పెడు పెసరపప్పు, మునగాకు వేశాం. అలవాటు కొద్దీ ఆమె చెయ్యి కారం కుండ దాకా వెళ్లింది. తన చేతిని తానే ఒక్కటేసుకుని వెనక్కి తీసుకుంది.

మా ఇంట్లో ముందు మగవాళ్లు తిన్నాక ఆడవాళ్లం తినేవాళ్లం. ఆ పూట అక్క అందరికీ ఒకేసారి, ఎదురెదురుగా అడ్డాకు విస్తళ్లు వేసింది. వెనక తినేవాళ్లు కారం కలుపుకున్నారన్న మాట రాకూడదని. దీపం పెట్టే వేళకే కూర్చున్నాం. మామ రోజూ అంబలిలోకి కూడా రెండు పచ్చిమిరపకాయలు కొరికే మనిషి. మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని చాలాసేపు నమిలాడు.

"అరవయ్యేళ్లు మిరపకాయే తిన్నానురా. కోడిని ఇయ్యేలే తింతన్నాను" అన్నాడు.

ముందు నవ్వింది మా అత్త. రేపు కూడా ఇదేనా అని బావ గొణిగాడు. మీ తమ్ముడు నాగలి పట్టేదాకా ఇదే అని అక్క చెప్పి, ఆయన విస్తట్లో ఇంకో గరిటె పోసింది. ఆ నీళ్ల చారును బావ విస్తరి ఖాళీ అయ్యేదాకా తిన్నాడు. ఈయన ముద్దలు చిన్నవి చేసి మెల్లగా మింగుతున్నాడు. అందరూ ఎవరి విస్తట్లోకి వాళ్లు చూస్తున్నట్టే ఉన్నారు, అందరి చెవులూ ఇటే ఉన్నాయి. చివరకు ఆయన విస్తరి కొంచెం ముందుకు జరిపి, "వొదినా, ఇంకాసింత" అన్నాడు.

భోజనాలయ్యాక ఎవరూ లేవలేదు. ఆయన కడుపు పట్టుకుని వంగుతాడేమోనని కూర్చున్నాం. వంగలేదు. గోడకు ఆనుకుని అలాగే నిద్రపోయాడు. బావ వెళ్లి తన దుప్పటి తెచ్చి కప్పాడు.

నలభై రోజులు ఆ ఇంట్లో కారం దంచలేదు. నా పెట్టలు అయిపోతే అక్క తన పెట్టలు కోసింది, గుడ్లు పెట్టేవి కూడా. మామ మధ్యలో పక్కింటికి పోయి మిరపకాయ కొరికి వచ్చేవాడని అందరికీ తెలుసు, ఎవరం అనలేదు. మాఘంలో ఈయన నాగలి పట్టాడు. ఆ తర్వాత ముప్పై ఆరేళ్లు బతికాడు, ఇంకో నలుగురు పిల్లల్ని కన్నాం. మామ పోయాక వేరు పడ్డాం. పడలేదని రాస్తే అబద్ధమవుతుంది. పోట్లాట లేకుండా పడ్డాం, నూతి పక్క తోట చెరి సగం.

అక్క నోరు మంచిది కాదు. నాదీ అంతే. ఆ తర్వాత ముప్పై ఏళ్లు ఇద్దరం తిట్టుకుంటూనే ఉన్నాం. ఆమె బతికుండగా ఈ సంగతి ఎత్తి నేనొక్క మంచి మాట చెప్పలేకపోయాను. చెప్పబోతే, పనేటీ నేదేటే అనేది. ఇప్పుడు అడ్డు చెప్పడానికి ఆమె లేదు కనుక రాస్తున్నాను. నా మొగుడు దక్కాడంటే అక్క వల్ల. నా చారు వల్ల కాదు, దాన్ని పట్టుకుని ఆమె నడిచిన ఆ పది అడుగుల వల్ల. ఆ పూట కారం లేని నీళ్ల చారు తిని లేచిన ప్రతి ఒక్కరికీ నేను రుణపడి ఉన్నాను.

ఆ పూట కలిసి కూర్చున్నవాళ్లు వీళ్లు: తూర్పు గోడ వైపు మా మామ, ఆయన పక్కన బావ, తర్వాత మా ఆయన. ఎదురుగా మా అత్త, బావ కూతుళ్లిద్దరు, నా ఒళ్లో మూడేళ్ల నా కూతురు. అందరికీ వడ్డించి, కుండ వంచి చూసి, చివరన నా పక్కన కూర్చున్న అక్క.