మా మామగారు అడిగిన బెత్తెడు

ముందే చెప్పేస్తున్నాను, తర్వాత నన్ను అనకండి. నా మాటల్లో కొలతలు ఉండవు. ఉన్నా అవి నా సొంత కొలతలు. నేను కుంభవృష్టి అన్నచోట మీరు తుంపర అనుకోండి, జనసముద్రం అన్నచోట పదిమంది అనుకోండి. ఇరవై ఏళ్ళకు పైగా మా ఇంట్లో నడుస్తున్న పద్ధతి ఇదే. నేను ఏదైనా చెబితే మా ఆవిడ మనసులోనే దాన్ని నాలుగో వంతుకు తగ్గించుకుని, ఆ తర్వాతే జవాబిస్తుంది. ఈ విద్యలో ఆమెకు తరిఫీదు ఇచ్చినవారు మా మామగారు. ఆయన గురించి చెప్పాలనే కూర్చున్నాను కాని, దానికి ముందు ఒక ఎలుగుబంటి అడ్డం వస్తోంది.

మొన్న ఆదివారం సాయంత్రం ఇద్దరం నాంపల్లి బాగెఆం తోట దాకా నడిచాం. తోటలోని జంతువులను ఊరి అవతల కొత్త చోటుకు మార్చేశారు. ఒకప్పుడు ఎలుగుబంటి ఉన్న బోను ఖాళీగా ఉంది. లోపల ఒక పిచ్చుక, ఇల్లు చూడవచ్చిన మనిషిలా, మూలమూలకూ వెళ్ళి గోడలు పరీక్షిస్తోంది. మా ఆవిడ ఊచలు పట్టుకుని తొంగిచూసి, "పాపం, ఖాళీ చేపిచ్చిన్రు. కిరాయి కట్టకపోయిండేమో" అంది. నేను మాత్రం ఆ ఊచలను ఒకసారి తడిమి చూశాను. ఎందుకంటే మా కాపురం ఉంటుందా ఊడుతుందా అన్నది ఒక వేసవిలో సరిగ్గా ఆ ఊచల ముందే తేలింది.

రెండో ప్రపంచయుద్ధం నడుస్తున్న రోజులు. నాకు ఇరవై రెండేళ్ళు. ఆబిడ్స్‌లో కరెంటు పంకాలు అమ్మే ఒక దుకాణంలో గుమాస్తాను. నాంపల్లి స్టేషన్ వెనక ఒక గది కిరాయికి తీసుకున్నాను. అగ్గిపెట్టె కొంచెం ఒళ్ళు చేస్తే ఎంతుంటుందో అంత గది. పెళ్ళయి ఏడాదిన్నర గడిచినా నా భార్య ఇంకా భువనగిరి అవతల వాళ్ళ ఊళ్ళోనే ఉంది. మామగారు పంపడం లేదు. ఆయన గొలుసు పట్టి భూములు కొలిచే మనిషి. ఎవరైనా "మా చెలక శానా పెద్దది" అంటే ఆయనకు ఒళ్ళు మండేది. "పెద్దదంటే ఎంత?" అని అడిగి, చెప్పేదాకా కదిలేవారు కాదు. అలాంటి మనిషికి నేను అల్లుడిగా దొరకడం ఆయన జాతకంలో ఏ గ్రహం చేసిన పనో తెలియదు.

ఆ ఏడాదిన్నరలో నా భార్యకు తొమ్మిది ఉత్తరాలు రాశాను. సరిగా ముఖమైనా చూడని మనిషికి ప్రేమగా రాయాలంటే సిగ్గు. అందుకని పట్నం గురించి రాశాను. రాస్తూ పోతే పట్నం చాల్లేదు, కొంచెం నేను కలిపాను. మా దుకాణంలో పంకాల గాలికి గిరాకీల టోపీలు ఎగిరిపోతాయనీ, వాటిని ఏరి తెచ్చివ్వడానికి ఒక మనిషిని జీతమిచ్చి పెట్టారనీ రాశాను. రైలు వచ్చినప్పుడల్లా మా గదిలో మంచం తనంతట తానే గోడవైపు నడుస్తుందని రాశాను. ఇరానీ హోటల్లో కూర్చుంటే ఎదుటి అద్దాల్లో వందమంది మనమే కనిపిస్తామనీ, షర్బతు మూరెడు గ్లాసులో పోస్తారనీ రాశాను. ఇక తొమ్మిదో ఉత్తరానికి సరుకు అయిపోయింది. అప్పటికి నేను బాగెఆం గేటైనా దాటలేదు. అయినా, అక్కడి ఎలుగుబంటి ఎండాకాలమంతా ఒక పెద్ద ఐసుగడ్డను కావలించుకుని నిద్రపోతుందని రాసి పడేశాను.

ఆ ఉత్తరాలు ముందు మామగారి చేతిలో పడేవి. ఆయన నీలి పెన్సిలు తీసుకుని, అనుమానం వచ్చిన ప్రతి వాక్యం కిందా గీత గీసి, ఆ తర్వాత బిడ్డకు ఇచ్చేవారు. ఈ సంగతి నాకు తెలిసింది ఉగాది వెళ్ళాక, ఆయన తన బిడ్డను తీసుకుని నాంపల్లి స్టేషన్లో దిగిన రోజున. ట్రంకుపెట్టె దించి, ఉత్తరాల కట్ట ఆమె చేతికిచ్చి, నా ఎదుటే చెప్పారు: "బిడ్డా, ఈయన మూరెడని రాసిన కాడ బెత్తెడన్న ఉన్నదో లేదో చూడు. ఉంటె ఉండు. లేకుంటె మిరుగం లోపల కార్డు రాయి, నేనొచ్చి తోల్కపోత." మిరుగం అంటే తొలకరి కార్తె, రెండు నెలలు కూడా లేదు. తర్వాత నా భుజం మీద చెయ్యేసి, "ఏమనుకోకు అల్లుడా. కొలవంది నాకు నమ్ముడు రాదు" అని, వచ్చిన రైల్లోనే వెనక్కి వెళ్ళిపోయారు.

మర్నాడు పొద్దున కళ్ళు తెరిచేసరికి నా భార్య నేల మీద కూర్చుని మంచం కోళ్ళ చుట్టూ సుద్దతో గీతలు గీస్తోంది. మా ఇద్దరి మధ్య సరిగా జరిగిన మొదటి సంభాషణ అదే.

"ఇదేంది?" అన్నాను.

"మంచం నడుస్తదని రాసిన్రు గదా. ఏడికి పోతదో చూద్దమని."

ఆ ఏటి ఎండలు ఎలాంటివంటే, ఆబిడ్స్ రోడ్డు మీద తారు కరిగి ఒక టాంగా గుర్రం నాలుగు కాళ్ళూ అంటుకుపోయి మధ్యాహ్నం దాకా విగ్రహంలా నిలబడిపోయింది. (తుంపర అనుకోండి.) అలాంటి ఎండలో, సెలవు దొరికిన ప్రతి పూటా మేము ఉత్తరాల కట్ట సంచిలో పెట్టుకుని బయలుదేరేవాళ్ళం. ముందు మా దుకాణానికే తీసుకెళ్ళమంది. మా సేటు మర్యాదస్తుడు. కొత్తకోడలు వచ్చిందని కుర్చీ వేయించి, ఉన్న పంకాలన్నీ ఒకేసారి తిప్పించాడు. ఆమె పావుగంటసేపు సేటు తలమీది టోపీనే రెప్పవేయకుండా చూసింది. ఆయనకు ఇబ్బందైపోయి, "ఏందమ్మా, టోపీకేమన్న అంటిందా?" అని అడిగాడు. ఆమె దాపరికం లేకుండా ఉత్తరం సంగతి చెప్పేసింది. సేటు నావైపు ఒక చూపు చూసి, "టోపీలు ఎగురుడే నిజమైతె ముందుగాల నాది ఎగరాలె గదమ్మా. ఇరవై ఏండ్ల సంది గీ పంకా కిందనే కూసున్న. నా టోపీ నేను తీస్తె తప్ప ఊడలే" అన్నాడు. సరిగ్గా అప్పుడే బల్ల మీది రశీదు కాగితం ఒకటి ఎగిరి గడప దగ్గర పడింది. బయటికి వచ్చాక ఆమె న్యాయంగానే తీర్పు చెప్పింది. "టోపీ లే. కాయితం ఉన్నది. వేలెడనుకుందాం."

ఇరానీ హోటల్లో ఆడవాళ్ళకు తెర కట్టిన గది వేరే ఉండేది. నాలుగు వైపులా తెరలు ఉంటే అద్దాలు ఎలా కనిపిస్తాయి? టీ వచ్చింది, చల్లారింది. ఆమె మాత్రం తెర సందులోంచి తల బయటపెట్టి లెక్కపెడుతూనే ఉంది. బయట బల్లల దగ్గర టీ తాగుతున్నవాళ్ళు, తెర మధ్య నుంచి మొలిచిన ఆ తలను చూసి సాసర్లు కింద పెట్టేశారు. నేను కొంగు పట్టి లాగితే, "ఆగుండ్రి, లెక్క తప్పుతది" అని కసిరింది. చివరికి లోపలికొచ్చి, "పదకొండు దాక పట్టిన. అటెన్క శానా చిన్నగైన్రు, కండ్లకు ఆనలే" అంది. వందకు పదకొండు. మామగారి కొలతలో ఇది బెత్తెడు అవుతుందా కాదా అని ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మొజంజాహి మార్కెట్ దగ్గర షర్బతు గ్లాసును బోర్లించి జానతో కొలిచింది. జానకు రెండువేళ్ళు తక్కువ వచ్చింది. లోపల నానిన సబ్జా గింజలు చూసి, "ఇవి కప్పగుడ్లు గాదు గదా?" అని షర్బతువాడిని నిలదీసింది. కావని అతను మూడుసార్లు ఒట్టు పెట్టాక ఒక గుక్క తాగి, కళ్ళు మూసుకుని కాసేపు అలాగే ఉండిపోయి, ఇంకొకటి తాగింది. గ్లాసు లెక్క మర్చిపోయింది గాని నేను గుర్తు చేయలేదు.

అయితే ఆ తిరుగుళ్ళలో ఒక విచిత్రం జరుగుతూ వచ్చింది. చూడాల్సినదానికంటే దారిలో ఉన్నవాటి దగ్గర ఆమె ఎక్కువసేపు ఆగేది. ఒకరోజు ఆబిడ్స్‌లో ఒక పెద్ద దుకాణం ముందు నడుస్తున్నదల్లా నిలబడిపోయింది. వాకిలికి వట్టివేళ్ళ తడికలు వేలాడదీసి నీళ్ళు చల్లుతున్నారు. వేడిగాలి వాటిలోంచి దూరి, మొదటి వాన పడ్డ మన్నులా వాసనేస్తూ రోడ్డు మీదికి వస్తోంది. నేను రోజూ వాటి పక్కనుంచే పనికి వెళ్ళేవాణ్ణి. ఆమె ఆ తడికకు ముఖం ఆనించినంత దగ్గరగా నిలబడి, "ఇదెందుకు రాయలే మీరు?" అని అడిగింది. ఉన్నది రాయాలని నాకెప్పుడూ తోచలేదు.

అలా మిరుగం దగ్గర పడింది. కట్టలో ఒక్క నీలిగీతే మిగిలింది, తొమ్మిదో ఉత్తరం. ఎండ ఎక్కువనీ, జంతువులు ఈ రోజుల్లో మనుషులను చూడడానికి ఇష్టపడవనీ చెప్పి నేను మూడు వారాలు వాయిదా వేశాను. ఇక లాభం లేదని ఒక మధ్యాహ్నం తీసుకెళ్ళాను. ఆ బోను దగ్గరికి వెళ్ళి చూద్దును గదా, ఎలుగుబంటి మా ఊరి రోలంత ఐసుగడ్డను రెండు చేతులా కావలించుకుని, దాని మీద చెంప ఆనించి, నిద్రపోతోంది. ముక్కు మీంచి నీటిచుక్కలు ఒక్కొక్కటే రాలుతున్నాయి. గురకకు ఊచలు మోగుతున్నాయి. చుట్టూ జనం, ముందు వరసలో నిలబడితే చల్లదనానికి పళ్ళు టకటక కొట్టుకుంటున్నాయి. మా ఆవిడ ఐసుగడ్డను కళ్ళతోనే అడ్డంగా నిలువుగా కొలిచి, "మూరెడే" అంది. ఆ సాయంత్రం ఆబిడ్స్ పెద్ద టపాఖానాలో తనే స్వయంగా కార్డు వేసింది: అల్లుడు చెప్పింది చెప్పినట్టే ఉన్నది, నేను ఇక్కడే ఉంటున్న. మామగారు తీసుకుపోవడానికి రాలేదు.

ఇక్కడిదాకా రాసి నిన్న మా ఆవిడకు చదివి వినిపించాను. చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ వింది. అంతా అయ్యాక, "ఐసు ఏడున్నది?" అంది.

లేదు. ఇక ఒప్పుకోక తప్పదు. గుర్రం కాళ్ళు అంటుకోవడం నా అలవాటు కొద్దీ రాసింది, అది లెక్కలోకి రాదు. నేను నిజంగా కల్పించింది ఆ ఐసుగడ్డను. ఆనాడు బోనులో ఎలుగుబంటి ఒక మూల ఎండుగడ్డి మీద నాలుక బయటపెట్టి రొప్పుతూ కూర్చుంది. ఐసు ఎక్కడని నా భార్య అడిగితే అక్కడి ముసలి కాపలాదారు పగలబడి నవ్వి, "ఐసు నాకే దొరుకుతలేదు తల్లీ, దానికెవరిస్తరు?" అన్నాడు. ఆమె ఉత్తరం మడిచి సంచిలో పెట్టింది. నాకంటే ముందు గేటువైపు నడిచింది. మిరుగం ఇంకా నాలుగు రోజులుంది. ఆమె ట్రంకుపెట్టె నేనే స్టేషన్ దాకా మోయాలేమో అని, దాని బరువు ఎంతుంటుందా అని ఆలోచిస్తూ నడిచాను. టపాఖానా మెట్ల మీద కూర్చుని ఆమె కార్డు రాసింది. డబ్బాలో వేసేముందు, చదువుకోమన్నట్టు నా ముందు పట్టింది. "బాపూ, రాసిన కాడ బెత్తెడు లేదు. రాయని కాడ మూరెడున్నది. అది చూడనీకె ఉంటున్న."

ఇన్నేళ్ళూ ఇది ఎవరికీ చెప్పలేదు. నా మాట నిలబడినందుకే ఆమె ఉండిపోయిందని చెప్పుకోవడం నాకు బాగుండేది.

"అన్నీ నేనే కల్పించినట్టు మాట్లాడకు. మంచం జరిగింది గదా. సుద్దగీత దాటి వేలెడు జరిగింది, నువ్వే చూపించావు" అన్నాను నిన్న ఆమెతో పౌరుషంగా.

ఆమె చిక్కుడుకాయల పళ్ళెం పక్కన పెట్టింది. "అది నేనే నూకిన" అంది. "బాపు అడిగితె చెప్పనీకె ఒక్కటన్న ఉండాలె గదా."

ఆ గది ఇప్పుడు లేదు, మామగారూ లేరు, ఎలుగుబంటి కూడా ఖాళీ చేసి వెళ్ళిపోయింది. మంచం మాత్రం ఆనాటిదే. ఎవరు నూకుతున్నారో మాకు తెలియకుండానే వేలెడు వేలెడు జరుగుతూ ఇన్నేళ్ళ దూరం వచ్చేసింది. గోడ ఇంకెంత దూరముందో కొలవమని నేనూ అడగలేదు, ఆమె కూడా సుద్ద తీయలేదు.