షాహీనా గొంతు విన్నాను

బి.కొత్తకోట దగ్గర ఒక హైస్కూల్లో నేను ఇంగ్లీషు చెబుతాను. మా ఏడో తరగతిలో షాహీనా అని ఒక పిల్ల ఉంది. ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు గలగలా మాట్లాడుతుంది. ఇంగ్లీషు పీరియడ్ వస్తే మాత్రం నోరు తెరవదు. బడి తెరిచినప్పటి నుంచీ ఇదే వరస.

ఈ రోజు పాఠం పక్కన పెట్టి పిల్లలతో ఒక ఆట ఆడించాను. ఒకరి కళ్లకు చున్నీ కట్టాలి. జోడీగా ఉన్న పిల్ల ఇంగ్లీషులో దారి చెబుతూ తలుపు దాకా నడిపించాలి. షాహీనాకు జోడీ తన స్నేహితురాలు రోజా; చున్నీ రోజా కళ్లకు, దారి చెప్పాల్సింది షాహీనా. షాహీనా పెదవులు కదిలాయి గానీ మాట రాలేదు. రోజా ఓపిక పట్టలేక తనంతట తానే నడిచి, లోపలికి తెరిచి ఉన్న కిటికీ రెక్క మీదికి పోబోయింది. నేను లేచేలోపే గది అదిరేలా అరుపు.

"స్టాప్ రోజా! నో గో! లెఫ్ట్ కమ్, లెఫ్ట్!"

రెక్కకు బెత్తెడు దూరంలో రోజా ఆగిపోయింది. అక్కడి నుంచి తలుపు దాకా షాహీనా ఇంగ్లీషులోనే నడిపించింది. క్లాసంతా చప్పట్లు.

బెల్లు కొట్టాక పిలిచి అడిగాను. "ఇన్నాళ్లూ యాల మాట్లాడలేదమ్మా?"

"తప్పు పోతే నగుతారని బయం మేడమ్. రోజాకి దెబ్బ తగుల్తాదనుకున్న్యా, ఆ బయం గుర్తుకే రాలా."

ఆ పిల్ల మాటల్లో వ్యాకరణం దిద్దడానికి నాకైతే మనసు రాలేదు. రేపు దిద్దుతానని కూడా మాట ఇవ్వలేను.

నలుగురిలో మీరు మొదటిసారి ఇంగ్లీషు మాట్లాడినప్పుడు ఏమన్నారో గుర్తుందా? చెప్పండి, ఇక్కడ ఎవరూ నగరు.