కారు పోయిందని పరామర్శ

కారు మార్చిన మూడో రోజు నుంచి మా ఇంటికి పరామర్శలు మొదలయ్యాయి. మొదట వచ్చినావిడ డజను అరటిపండ్లు నా చేతిలో పెట్టి, నా ముఖం చూడలేక గడప వైపు చూసింది. "ఏ గుంట పోయిందమ్మా? అన్నీ పోయినాయా?" అంది. నా రొయ్యల గుంటలు నాలుగూ నిక్షేపంగా ఉన్నాయని చెప్పాను. ఆవిడ నా చెయ్యి నొక్కి, "ధైర్యంగా ఉండు" అని వెళ్లిపోయింది.

ఆవిడ తప్పేం లేదు. ఇందుకూరుపేట చుట్టుపక్కల రొయ్యలు సాగుచేసే ఇళ్లలో పంట బాగా వస్తే ముందు కారు వస్తుంది. తెల్లమచ్చ తెగులు సోకి గుంట పోతే ముందు పోయేదీ కారే. ఎవరి వాకిట్లో ఏ బండి ఉందో చూసి, వాళ్ల నీళ్లలో ఏం జరుగుతోందో చెప్పేస్తారు. అలాంటి ఊళ్లో నా పసుపుపచ్చ స్పోర్ట్స్ కారు మాయమై దాని చోట చిన్న హ్యాచ్‌బ్యాక్ వచ్చి నిలబడితే, నేను మునిగిపోయానని కాక ఇంకేమనుకుంటారు? పైగా పైకి చూస్తే అది అందరి చిన్నకార్లలాగే ఉంటుంది. దాని ఇంజిను సంగతి తోలినవాళ్లకే తెలుస్తుంది.

పాత కారు చెన్నైలో ఒకాయన వాడి వదిలేసింది. రెండే సీట్లు, టాపు మడిచేయొచ్చు. నేలకు ఎంత దగ్గరగా ఉండేదంటే వీధిలో పిల్లలు దాన్ని కప్ప అనేవాళ్లు. నలభై ఐదేళ్ల వయసులో కొన్నాను. ఒంటరి ఆడమనిషికి ఇదేం పిచ్చి అన్న నోళ్ల ముందు నుంచే ఆరేళ్లు తోలాను. దాన్ని ప్రేమించాను. చెప్పుకోవడానికి నాకేం సిగ్గులేదు.

పక్క సీటు మా అక్కది. బడిలో లెక్కలు చెప్పి రిటైరై నాతోనే ఉంటోంది. ఆదివారం పొద్దున్నే ఇద్దరం మైపాడు బీచికి బయలుదేరేవాళ్లం. దారిలో ఊరికొక స్పీడు బ్రేకరు. ఇద్దరం కూర్చుంటే కారు పొట్ట గీసుకుపోతుంది. అందుకని ప్రతి స్పీడు బ్రేకరు ముందూ అక్క దిగి, కుచ్చిళ్లు సవరించుకుని, క్లాసులోకి వెళుతున్నంత హుందాగా నడిచి దాటేది. నేను వెనకే బండిని ఏటవాలుగా, మెల్లగా దాటించేదాన్ని. అవతల మళ్లీ ఎక్కేది. టీ అంగడి దగ్గర కూర్చున్నవాళ్లు, "టీచరమ్మ దిగితేగానీ కారు కదల్దు" అని నవ్వేవాళ్లు. "ఎక్కినాక మీకు కనపడదులే" అనేది అక్క.

నిరుడు అక్క మోకాలికి ఆపరేషన్ అయింది. నడవడం మొదలుపెట్టాక ఒక ఆదివారం కారెక్కబోయింది. ఆ కార్లో కూర్చోవడమంటే దాదాపు నేల మీద చతికిలబడటమే. సగం వంగి, తలుపు పట్టుకుని అలాగే ఆగిపోయింది. ముఖంలో నొప్పి కంటే అవమానమే ఎక్కువ కనిపించింది. "నువ్వు పోయిరా. నాకు ఇంట్లో పనుండాది" అంది. ఆమెకు ఏ పనీ లేదు. ఒక్కదాన్నే వెళ్లాను. స్పీడు బ్రేకర్లన్నీ కారు సులువుగా దాటేసింది. సముద్రం దాకా పోబుద్ధికాక సగం దారిలోనే వెనక్కి తిరిగాను.

ఆ రోజే నిర్ణయించుకున్నాను. పెద్ద కారు కొనమని అందరూ సలహాలిచ్చారు. మెట్టెక్కి కూర్చునే ఆ కార్లు అక్క మోకాలికి పనికిరావు, వాటిని తోలుతుంటే నాకు నిద్రొస్తుంది. వంగకుండా, ఎగబాకకుండా కూర్చునే సీటు కావాలి. గేరు నా చేత్తో నేనే మార్చాలి, తొక్కితే వీపు సీటుకు అతుక్కుపోవాలి. వెతికి వెతికి ఈ హ్యాచ్‌బ్యాక్ పట్టుకున్నాను. చెన్నైలో పాతది ఇచ్చేసి వచ్చేటప్పుడు షోరూం బయట నిలబడి ఏడ్చాను. గూడూరు దాటేసరికి ఒక్కదాన్నే నవ్వుకుంటున్నాను. ఆ చిన్నది అంత బాగా పరిగెత్తింది.

ఇంటికొస్తే అక్క ఎక్కనంది.

"నా మోకాలి కోసం ప్రాణం లాంటి కారు ఇచ్చేసినావా? నేనడిగినానా? నేనెక్కను."

నీ కోసం కాదన్నాను. నమ్మలేదు. కొత్త కారు వైపు కన్నెత్తి చూడలేదు. పరామర్శకు వచ్చేవాళ్ల మీద నాకు మండిపోయేది. మునిగిపోయానన్న మాటకు కాదు. ఎవరి పక్కన కూర్చుని తోలాలని ఇదంతా చేశానో ఆ మనిషి లోపల తలుపేసుకుని కూర్చుంది, నేనేమో బయట అరటిపండ్లు అందుకుంటున్నాను.

ఆదివారం పొద్దున పక్క గుంటల పెద్దాయన వచ్చాడు. మేం మామ అని పిలుస్తాం. తన తెల్లటి పెద్ద కారు వీధిలో ఆపి, బత్తాయిల సంచీతో వరండాలో కూర్చున్నాడు.

"పోతే పోయిందిలే అమ్మాయ్. ఆ కప్ప పోవడమే మేలైంది. ఈ వయసులో మీ అక్కచెల్లెళ్లకి ఆ వేగాలెందుకు? నిదానంగా కూరగాయలకు పోయొచ్చే బండి తెచ్చుకున్నావు. బుద్ధిగా ఉండాది."

నేను నోరు తెరిచేలోపు లోపలి తలుపు తెరుచుకుంది. అక్క చేతికర్రతో బయటికి వచ్చింది.

"మామా, మా చెల్లెలి గుంటలు పోలా. పోయింది నా మోకాలు. ఆ పండ్లేవో నాకియ్యండి."

సంచీ అందుకుని నేరుగా కారు దగ్గరికి నడిచింది. తలుపు తీసి, వెనక్కి తిరిగి సీటు మీద కూర్చుని, ఒక్కో కాలూ లోపలికి పెట్టుకుంది. ఎవరి సాయమూ అడగలేదు. బెల్టు కూడా తనే పెట్టుకుంది.

నేను తాళాలు తీసుకుని పరుగున వెళ్లి స్టార్ట్ చేశాను. అక్క నా వైపు చూడలేదు.

"నిజం చెప్పు. ఎవరి కోసం మార్చినావు?"

"నా కోసం. పక్క సీటు ఖాళీగా పెట్టుకుని తోలడం నా వల్ల కాలేదు" అన్నాను. కోపంగానే అన్నాను.

అక్క కొంగుతో కళ్లు తుడుచుకుని, అద్దంలోంచి వరండా వైపు చూసింది.

"మామ ఇంకా ఆడే కూచోనుండాడు. ఇది కూరగాయల బండో కాదో ఆయనకి తెలవాల. తొక్కవే."

తొక్కాను.