బొట్టు పెట్టిన డిస్కులు

చిత్తూరులో పెళ్లి వీడియోలు తీసే ఒక స్టూడియోలో నేను మిక్సింగ్ చేసేవాణ్ణి. టేపులు కంప్యూటర్లోకి ఎక్కించి, అనవసరమైనవి కోసేసి, పాటలు వేసి సీడీలు చేసివ్వడం నా పని. ఆ కంప్యూటర్లో రెయిడ్ పెట్టింది కూడా నేనే. రెండు హార్డ్ డిస్కులు బిగించి, ఒకదాంట్లో ఏది పడితే రెండోదాంట్లోనూ అదే పడేలా చేశాను. ఒకటి చెడిపోయినా ఇంకోటి ఉంటుంది. ఊరు మొత్తానికి ఈ విద్య నాకొక్కడికే తెలుసని నా నమ్మకం. అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ చెప్పేవాణ్ణి.

దసరాకు వారం ముందు నగరి నుంచి బస్సులో ఒకామె వచ్చింది. ఆర్నెల్ల కిందట ఆమె కూతురి పెళ్లి మేమే తీశాం. ఈలోగా ఆమె భర్త పోయాడు. అప్పగింతలప్పుడు ఆయన కూతురి తల మీద చెయ్యి పెట్టి ఏదో చెప్పాడు. సీడీలో ఆ చోట ఆయన మాట లేదు, సినిమా పాట ఉంది. అప్పగింతలంటే ఏడుపు పాట పడాల్సిందే, లేకపోతే జనం ఒప్పుకోరు. వేసింది నేనే.

"ఆ పాట తీసేసి ఆయన మాట వినిపించు నాయనా. ఆ పొద్దు నేను దూరంగా ఉండిపోయినాను. పాప ఏడుస్తా ఉన్నింది, దానికీ గుర్తు లేదంట," అంది.

ఆ టేపు మీద అప్పటికే ఇంకో పెళ్లి తీసేశాం. అసలు రికార్డింగు మిగిలింది డిస్కుల్లోనే. "యాడికీ పోదమ్మా, రెండు చోట్ల ఉండాది. పండగ కానిచ్చి రండి," అన్నాను. అప్పుడే వెతికి వినిపించి ఉండొచ్చు. బద్ధకించాను.

ఆయుధ పూజకు రెండు రోజుల ముందు ఒక డిస్కు చెడిపోయింది. నేనేం బెదరలేదు. రెయిడ్ పెట్టింది ఇందుకే కదా. చెడిపోయినదాన్ని తీసేసి, అదే రకం కొత్తది తెప్పించి, మిగిలినదాని మీద 'పాతది' అని కాగితం అంటించాను. కొత్తది బిగించబోతుంటే మా ఓనరు ఆపాడు.

"పూజ కాకుండా కొత్తదానికి కరెంటు ఇస్తావా అబ్బా? రెండూ బయట పెట్టు."

పూజనాడు కెమెరాలు, లైట్లు, డిస్కులు అన్నీ గుడ్డతో తుడిచి, గంధం పూసి, కుంకుమ పెట్టి పీట మీద వరసగా పేర్చారు. నా కాగితం ఎప్పుడు ఊడిందో నేను చూడలేదు. బొరుగులు, శనగలు తింటూ కూర్చున్నాను.

మర్నాడు చూస్తే రెండు డిస్కులూ ఒక్కలాగే ఉన్నాయి. లేబుల్ మీద తేదీ చూస్తే ఏది పాతదో తెలిసేది. దాని మీద గంధం ఎండిపోయి ఉంది. పూజ చేసిన బొట్టు చెరపడానికి నాకు చెయ్యి రాలేదు. పోనీ, ఒక్కోదాన్ని విడిగా పెట్టి చూసినా సరిపోయేది. అంత ఓపిక నాకెక్కడిది? ఏ డిస్కులోంచి ఏ డిస్కులోకి కాపీ చెయ్యాలని స్క్రీన్ మీద అడిగింది. మొదటిదే పాతదనుకుని ఎంటర్ కొట్టాను. మూడు గంటల తర్వాత రెండూ సమానమయ్యాయి. రెండూ ఖాళీ. రెయిడ్ తన పని సక్రమంగానే చేసింది.

నేను చెప్పినట్టే ఆమె పండగ కాగానే వచ్చింది. షార్ట్ సర్క్యూట్ అయిందని చెప్పమన్నాడు మా ఓనరు. నేను జరిగింది జరిగినట్టు చెప్పేశాను. ఆమె తిట్టలేదు. నాలుగు తిట్టి ఉంటే నాకు బాగుండేది.

"పోనీలే. పాట ఏసేటప్పుడు నువ్వు విన్నావు కదా నాయనా. ఏం చెప్పినాడో నోటితో చెప్పు, చాలు."

నేను వినలేదు. అప్పగింతలు రాగానే ముందు సౌండు తీసేసి పాట పెట్టడం నా అలవాటు. అన్ని పెళ్లిళ్లు చేశాను, ఏ తండ్రి కూతురికి ఏం చెప్పాడో ఒక్కటీ వినలేదు. ఆ మాటే ఆమెతో చెప్పాను.

ఆమె సంచిలోంచి సీడీ తీసింది. పాట వినపడకుండా పెట్టమంది. సౌండు మొత్తం తగ్గించి వేశాను. ఆయన పెదాలు కదులుతున్నాయి. ఆమె కుర్చీ ముందుకు జరుపుకుంది. మూడోసారి వేసినప్పుడు తెర మీద వేలు పెట్టింది.

"ఈడ సూడు, పెదాలు కలిసినాయి. 'అమ్మీ' అంటా ఉండాడు."

ఇంకోసారి వెయ్యమంది. వేశాను. ఆ తర్వాతి మాట ఆమెకూ అందలేదు.