ఉప్పు కోటకు ఒంటరిగా

ఆదివారం అన్నాలయ్యాక నాకు కాలు ఒకచోట నిలిచేది కాదు. చెయ్యి కడుక్కున్న తడి ఆరకముందే ముందుగదిలో చాప పరిచి, పాత క్యాలెండరు అట్టను మధ్యకు మడిచి నా ముందు చిన్న గోడలా నిలబెట్టేవాణ్ణి. అట్టకు ఇవతల నేను, నా గళ్ళ నోటుబుక్కు, నా కోటలూ రాక్షసులూ. అట్టకు అవతల ముగ్గురు. ఒకరు మా చెల్లెలు, బీకాం మొదటి ఏడు. ఇంకొకడు నాతో పాలిటెక్నిక్‌లో చదివే మాధవరం స్నేహితుడు. వాళ్ళ నాయనకు అక్కడి పాల కాలనీలో పని. మూడో మనిషి పక్కింటి తమిళతను, ఫ్యాక్టరీలో ఫిట్టరు. మా తెలుగంతా అతనికి అర్థమయ్యేది, జవాబు మాత్రం తమిళంలో చెప్పేవాడు. తిరువొత్తియూరులో మా వీధికి అదేమీ వింత కాదు.

ఆ ఆట ఏమిటో చెప్పాలి. బోర్డు లేదు, పావులు లేవు. ఒకడు కథ చెబుతాడు. మిగతావాళ్ళు ఆ కథలో మనుషులై, ఇప్పుడు నేనేం చేస్తానంటే అని వాళ్ళ వాళ్ళ మాట చెబుతారు. చేసింది ఫలించిందో బెడిసికొట్టిందో పడిన అంకె తేలుస్తుంది. అంకె పెద్దదైతే గట్టెక్కినట్టు, చిన్నదైతే కొంప మునిగినట్టు. ఒక కథ నెలల తరబడి నడుస్తుంది. కథ చెప్పేవాణ్ణి గేమ్ మాస్టర్ అంటారని పుస్తకంలో ఉంది. ఆ పేరు చదివిన రోజే అది నేను తప్ప ఇంకెవరూ కాకూడదని నిశ్చయించుకున్నాను. నాకు గొప్పలు ఎక్కువని మా అమ్మ ఊరికే అనేది కాదు.

ఊరి పేరు మద్రాసు నుంచి చెన్నైకి మారిన రోజులవి. సెంట్రల్ స్టేషను దగ్గర పాత పుస్తకాల కుప్పలో మాధవరం స్నేహితుడికి ఆ పుస్తకం దొరికింది. దిండంత ఇంగ్లీషు పుస్తకం. అట్ట లేదు, మొదటి పేజీలు లేవు, మధ్యలో ఒక కట్ట ఊడిపోయింది. ఉన్నంతవరకు నేను రెండు రాత్రుల్లో నమిలి మింగేశాను. ఇరవై ముఖాల పాచిక కావాలని అందులో రాసి ఉంది. ఆరు ముఖాలు మించిన పాచికను మాలో ఎవరూ చూసి ఎరగరు. ప్యారీస్ కార్నర్ దగ్గర బొమ్మల షాపులన్నీ తిరిగి అడిగితే షాపువాళ్ళు నవ్వారు. చివరికి ఇంట్లో ఉన్న హౌసీ ఆట డబ్బాలోంచి ఒకటి నుంచి ఇరవై దాకా బిళ్ళలు ఏరి, పసుపు కొమ్ములు పోసుకునే గుడ్డసంచిలో వేశాం. ఎవరు ఏం చేసినా నేను సంచిలో చెయ్యి పెట్టి ఒక బిళ్ళ తీసి, అట్ట వెనక చూసుకుని అంకె పైకి చెప్పేవాణ్ణి, బిళ్ళను మళ్ళీ సంచిలో వేసేవాణ్ణి. అన్నీ నువ్వే తీయడమేమిట్రా అని స్నేహితుడు అడిగాడు. నియమం అంతే అన్నాను. ఆ నియమం ఊడిపోయిన పేజీల్లో ఉందన్నాను. పిచ్చోడి చేతిలో రాయి అంటే ఇదే.

పుస్తకం నిండా మంచు కొండలు. మేం మంచు చూసింది చేపల బుట్టల్లోనే. ఎన్నూరు దారిలో ఉప్పు మడులైతే పుట్టినప్పటినుంచీ చూస్తున్నాం. అందుకని మంచు అన్నచోటల్లా ఉప్పు అని మార్చేశాను. దాంతో కథ ఎక్కడలేని ఊపందుకుంది. ఉప్పు కొండలు, ఉప్పు తుఫాన్లు, గాయం మీద పడితే ప్రాణం లేచిపోయే ఉప్పు గాలి. కొండల చివర ఉప్పు కోట, అందులో ఉప్పు దొర. వాడు మనుషుల దాహాన్ని పన్నుగా వసూలు చేసేవాడు. ఇదెలా తట్టిందో నాకే తెలియదు. పాలిటెక్నిక్‌లో లేత్ మిషను ముందు నిలబడి ఉండగా తట్టింది, ఆ పూట మూడు ఇనప ముక్కలు పాడుచేశాను.

మా చెల్లెలు వేగు వేషం కట్టింది. అందరికంటే ముందు ఒంటరిగా నడిచి, దారి చూసి, ప్రమాదం ఉంటే వెనక్కి సైగ చేసే మనిషి. ఆ పాత్ర ఎందుకు ఎంచుకుందో నేను అప్పుడు ఆలోచించలేదు. ఆలోచించి ఉండాల్సింది. మా ఇంట్లో ఆమెను బస్టాపు దాకా కూడా ఒంటరిగా పంపేవాళ్ళు కాదు. నాయన దింపేవాడు, తిరిగి తీసుకురావడానికి నేను వెళ్ళేవాణ్ణి. కాలేజీ ఫారాలు కూడా నేనే నింపేవాణ్ణి. అలాంటి పిల్ల ఆదివారం చాప మీద కూర్చోగానే వెన్ను నిటారుగా చేసి, మీరు ఈడే ఉండండి, నేను పోయి చూసొస్తా అనేది. ఆ మాట వింటే నాకే ఒళ్ళు జలదరించేది.

మూడో వారమో నాలుగో వారమో మాధవరం స్నేహితుడి యోధుడు ఉప్పు బావిలో పడ్డాడు. అంకె రెండు వచ్చింది. సాయంత్రం ఆరు గంటలు. మా అవ్వ దీపం పెడుతోంది. వీడు గుండె పట్టుకుని చాప మీద వెల్లకిలా పడి, నేను చచ్చిపోయాను, చచ్చిపోయాను అని ఇల్లు అదిరేలా అరిచాడు. అవ్వ అగ్గిపెట్టె చేతిలో పట్టుకునే వచ్చి మా మధ్య నిలబడింది.

"ఒరే, ఇంట్లో ఆ మాట అనబాకండిరా. సందేళ తథాస్తు దేవతలు తిరగతా ఉంటారు. నేను అని మీ నోటితో మీరే చెప్పుకుంటే, అది ఆట అని వాళ్ళకేం తెలస్తాది?"

నవ్వుకున్నాం. అయితే అవ్వ నవ్వలేదు. ఇంకోసారి ఆ మాట వినబడితే చాపే కాదు, సంచి కూడా పొయ్యిలో పెడతానంది. అవ్వ అన్నదంటే చేసే మనిషి. యోధుణ్ణి అప్పటికప్పుడు ప్రాణాలతో బావిలోంచి పైకి లాగించాను. ఆట ఆగిపోతుందనే భయంతో నా బుద్ధి వక్రించింది. ఆ వారం నుంచీ ప్రాణం మీదికి వచ్చినప్పుడల్లా బిళ్ళ మీద ఏముందో చూసేవాణ్ణి, నోటికి వచ్చిన అంకె చెప్పేవాణ్ణి. మూడు వస్తే పదమూడు అన్నాను. ఒకటి వస్తే పంతొమ్మిది అన్నాను. వాళ్ళు కేకలు వేసేవాళ్ళు, ఫిట్టరు లేచి నిలబడి చప్పట్లు కొట్టేవాడు, నేను అట్ట వెనక పెద్ద దేవుడిలా కూర్చునేవాణ్ణి. అబద్ధమాడుతున్నానని అనిపించనే లేదు. అందరినీ కాపాడుతున్నాను కదా అనుకున్నాను. దొరికితే దొంగ, దొరక్కపోతే దొర.

నేను ఎలా దొరికానంటే, ఒక ఆదివారం మా చెల్లెలి వేగు ఉప్పు లోయ దాటాలి. కింద కనుచూపు మేర తెల్లటి అగాధం, అటు గట్టుకు దూకాలి. నేను ఊపిరి బిగబట్టించేలా చెప్పాను, ఆ రోజు నా గొంతు మంచి పట్టుమీద ఉంది. దూకతా ఉండా అంది. సంచిలో చెయ్యి పెట్టి తీశాను. నాలుగు. గొంతు సవరించుకుని "పదిహేడు" అన్నాను. మిగతా ఇద్దరూ ఎగిరి గంతేశారు.

మా చెల్లెలు కదల్లేదు. గుప్పిట విప్పి ఒక బిళ్ళను చాప మీద పెట్టింది. దాని మీద పదిహేడు అని ఉంది.

"పొద్దున చిమ్మతా ఉంటే బియ్యం డ్రమ్ము కింద దొరికింది. అప్పటినించీ నా దగ్గరే ఉందన్నా," అంది.

ఎన్నిసార్లు ఇట్ట చేసినావు అని అడిగింది. నాకు లెక్క తెలియదు. అవ్వ కోసం చేశానని గొణిగాను. ఆమె కోప్పడి ఉంటే బాగుండేది. మెల్లగా మాట్లాడింది.

"బస్టాపుకి నాయన వస్తాడు. ఫారం నువ్వు నింపతావు. ఆ కథలోనైనా ఒంటిగా పోతా ఉండాననుకున్నా. ఆడ కూడా నువ్వే మోస్తా ఉండావా?"

లేచి లోపలికి వెళ్ళిపోయింది. మాధవరం స్నేహితుడు నా వైపు చూడకుండా చెప్పులేసుకుని బస్సుకు వెళ్ళాడు. ఫిట్టరు మాత్రం పోతూ పోతూ నా భుజం తట్టాడు, అది ఇంకా సిగ్గనిపించింది. మూడు ఆదివారాలు ఆట లేదు. చుట్టిన చాప గోడకు ఆనించే ఉండిపోయింది. నేను కొత్త పటాలు గీశాను, ఉప్పు దొరకు ఇద్దరు తమ్ముళ్ళను పుట్టించాను, వినేవాళ్ళు లేక నాలో నేనే చెప్పుకున్నాను. వాళ్ళు రాకపోవడం కంటే మా చెల్లెలు ఇంట్లోనే ఉండి ఆట మాట ఎత్తకపోవడం నన్ను తినేసింది. ఆమె సాధించిన ప్రతి గెలుపునూ నేను దొంగిలించాను. దూకినవి, పాకినవి, ఈదినవి, ఏవి తనవో ఏవి నావో ఇప్పుడు తనకు తెలియదు. నన్ను మళ్ళీ నమ్ముతుందా అన్నది ఒక్కటే నా బాధ.

నాలుగో శనివారం తనే వచ్చింది. ముందు అవ్వతో తేల్చుకుని వచ్చింది, నాకంటే తెలివైంది. తథాస్తు దేవతలు తిరిగేది సందేళ కదా, మేం మధ్యాహ్నం అన్నం తినగానే మేడ మీద ఆడుకుంటే వాళ్ళకు వినబడదు కదా అని అడిగిందట. అవ్వ వక్క నములుతూ చాలాసేపు ఆలోచించి తీర్పు చెప్పింది.

"చచ్చేవాళ్ళంతా దీపాలు పెట్టేలోగా చావండి."

తరవాత చెల్లెలు నాకు మూడు షరతులు పెట్టింది. అట్ట ఉండకూడదు. ప్రాణం ఎవరిదో బిళ్ళ వాళ్ళే తీయాలి. నేను దయ చూపించకూడదు. మూడింటికీ తలూపాను, ఆ రాత్రి ఆనందంతో సరిగ్గా నిద్ర పట్టలేదు.

మర్నాడు కబురందుకుని మిగతా ఇద్దరూ వచ్చారు. మేడ మీద నీళ్ళ ట్యాంకు నీడలో కూర్చున్నాం. అట్ట లేకపోయేసరికి నాకు చొక్కా లేనట్టు ఉంది. అయినా కథ మొదలుపెట్టగానే రక్తం వేడెక్కింది. ఉప్పు కోట చేరారు. యోధుడూ, ఫిట్టరు ఆడే మంత్రగాడూ లోపల బందీలు. ద్వారం పైకి లేపే ఇనుప చక్రం కందకానికి అవతల ఉంది. కందకంలో మొసలి తల, జెర్రి కాళ్ళు ఉన్న జంతువు నిద్రపోతోంది. వంతెన పాత తాడు. చెల్లెలు చీర కొంగు నడుముకు బిగించింది.

వంతెనకు ఎనిమిది రావాలన్నాను. సంచిలో చెయ్యి పెట్టి, తీసి, అందరికీ కనబడేలా నేల మీద పెట్టింది. పదకొండు. నలుగురమూ ఒకేసారి ఊపిరి వదిలాం. సగంలో తాడు తెగింది, జంతువు కళ్ళు తెరిచింది. గట్టు అందుకోవడానికి పదిహేను. ఆమె వేళ్ళు సంచిలో తడుముతుంటే బిళ్ళల చప్పుడు నా గుండెలో వినిపించింది. పద్దెనిమిది. ఫిట్టరు వేసిన కేకకు పక్క మేడ మీద బట్టలు ఆరేస్తున్నావిడ తొంగి చూసింది. ఇన్ని నెలల్లో అంత నిజమైన కేక మా ఆటలో పుట్టలేదని నాకు అప్పుడు తెలిసింది. నేను ఇచ్చిన పంతొమ్మిదులన్నీ దాని ముందు వెలవెలబోయాయి.

చక్రం తిప్పింది. ద్వారం లేచింది. ఇక్కడే చిక్కు. చక్రం వదిలితే ద్వారం పడిపోతుంది. పట్టుకుని నిలబడితే ఇద్దరూ బయటపడతారు, కానీ జంతువు ఆమె వెనకే ఉంది. నిలబడితే ప్రాణానికి పన్నెండు రావాలని చెప్పాను. చెబుతూ నా నోరు దురద పెట్టింది. పది చాలు అని అనడానికి ఎంతసేపు? అది అనలేదు గాని, చక్రం వదిలేసి పక్కనున్న కిటికీలోకి దూకే దారి కూడా ఉందని అన్నాను.

"దయ చూపించబాక," అంది. ఇద్దరి వైపూ చూసి, "పట్టుకుంటా" అంది.

చెయ్యి సంచిలోకి పోయింది. చాలాసేపు బయటికి రాలేదు. మాధవరం స్నేహితుడు రెండు చేతులతో మొహం మూసుకుని వేళ్ళ సందులోంచి చూస్తున్నాడు. బిళ్ళ నేల మీద పడింది.

ఆరు.

ఇద్దరూ బయటపడ్డారనీ, వెనక ద్వారం మూసుకుపోయిందనీ నేను చెప్పాల్సి ఉంది. అదంతా చెప్పాను. "పోచ్చా?" అని ఫిట్టరు మెల్లగా అడిగాడు, పోయిందా అని. స్నేహితుడు లేచి మేడ గోడ దాకా వెళ్ళి కళ్ళు తుడుచుకుని వచ్చాడు. నాలుగు నెలలుగా మాకు దారి చూపిన మనిషి లేదు. నా ఆటలో నేను ఆపలేని సంగతి ఒకటి మొదటిసారి జరిగింది, దాని ముందు నేను కూడా వాళ్ళలో ఒకణ్ణయిపోయాను. భయమూ, దుఃఖమూ, చెప్పలేని ఉత్సాహమూ ఒక్కసారే పొంగుకొచ్చి నాకు కూర్చోవడం చేతకాలేదు.

చెల్లెలు తల ఎత్తింది. కళ్ళనిండా నీళ్ళు.

"నిజంగానే పోయింది గదన్నా?"

"నిజంగానే," అన్నాను.

చెంపలు తుడుచుకోకుండానే నవ్వింది. నేను జన్మలో చూడనంత పెద్ద నవ్వు.

"అట్టయితే వంతెన కాడినించీ ఇంతసేపూ నిజంగానే బతికుండింది," అంది.