అమావాస్య నాడు మొదలుపెట్టిన కెర్నెల్

2001 వేసవిలో నన్ను జగిత్యాల సర్వీసు కేంద్రానికి సీనియర్ సిస్టమ్స్ ఇంజనీరుగా వేశారు. కోరుట్లలో ఒక ధాన్యం సంఘం, సిరిసిల్లలో ఒక నూలు సహకార సంఘం నా పరిధిలోకి వచ్చాయి. రెండింటిలోనూ పాత ఆపరేటింగ్ సిస్టమ్ తీసి కొత్తది ఎక్కించాలి. ముందే తయారైన సిస్టమ్ ఎక్కిస్తే ఒక పూట పని. కాని ఒకే కంప్యూటరుకు ఎనిమిది టెర్మినళ్లను కలిపే కార్డు ఒకటి ఉంది. దాన్ని నడిపించే డ్రైవర్‌ను తయారీదారు సోర్సుగానే ఇచ్చాడు. అందుకని మొత్తం సోర్సు నుంచే కట్టాల్సి వచ్చింది.

సోర్సు అంటే మనిషి రాసిన పాఠం. కంపైలర్ ఒక్కో సోర్సు ఫైలును యంత్రభాషలోకి మార్చి ఆబ్జెక్ట్ ఫైలుగా దాస్తుంది. చివర లింకర్ అన్నిటినీ కలిపి కెర్నెల్‌ను, అంటే సిస్టమ్ గుండెకాయను, తయారుచేస్తుంది. కోరుట్లలో డ్రైవర్ దగ్గర లింకర్ ఆగింది. డ్రైవర్‌లో ఒక వరుస మార్చాను, పని పూర్తయింది. సిరిసిల్ల కార్డు కొత్త రకం కాబట్టి అక్కడ ఆ మార్పు అక్కర్లేదనుకున్నాను.

సిరిసిల్ల దారిలో పోలీసులు సోర్సు సీడీలున్న నా సంచీ బోర్లించారు. "గీ సీడీలల్ల పాటలున్నయా?" అని జవాను అడిగాడు. లేవన్నాను. "పాటలే లేకుంటె ఇన్ని ఎందుకయ్యా?" అని నన్నే అనుమానంగా చూశాడు. అన్నలు, అంటే నక్సలైట్లు, ఎల్లుండి నుంచి బంద్‌కు పిలుపిచ్చారు. నాకు రెండు రోజులే ఉన్నాయి.

ఆ రోజు అమావాస్య. సంఘం మేనేజర్ రాజేశ్వర్‌రావు పాత దొరల ఇంటివాడు. పని రేపటికి వాయిదా వేయమన్నాడు. కంపైలర్‌కు తిథులు తెలియవని చెప్పి, ఆపరేటర్ పద్మను మొదటి మీట నొక్కమన్నాను. ఆమె భర్త సాంచెల మీద, అంటే మరమగ్గాల మీద, పనిచేసేవాడు, ఏడాది కింద పోయాడు. ఆమె టైపు నేర్చుకుని, పరీక్ష రాసి ఆ కుర్చీ సంపాదించుకుంది. అమావాస్య నాడు విధవరాలు మీట నొక్కడం! పద్మ నొక్కింది.

సాయంత్రానికి డ్రైవర్ దగ్గర లింకర్ ఆగింది. కోరుట్లలో వచ్చిన తప్పే. మందు తెలిసిన జబ్బే కదా అని బస్సు వేళకు లేచాను.

మర్నాడు ఆ వరుస మార్చి మళ్లీ నడిపాను. కరెంటు కోతల వల్ల అన్నీ తుడిచి మొదటినుంచి కట్టకుండా, ఆగిన చోటు నుంచే సాగించాను. లింకర్ మళ్లీ ఆగింది. అదే తప్పు. వరుసను ఇంకోలా రాశాను. అక్షరం తేడా లేకుండా అదే తప్పు. కోరుట్లలో కుదిరింది ఇక్కడెందుకు కుదరదు?

రాజేశ్వర్‌రావు దగ్గర జవాబు సిద్ధంగా ఉంది. "నేను నిన్ననే చెప్పిన ఇంజనీర్ సాబ్. మొగడు సచ్చినామె చెయ్యి పడ్డది. నిమ్మకాయ కోసి దిష్టి తీద్దాం. ఆమెను గోదాంల ఏద్దాం." పద్మను నూలు గోదాంకు మారుస్తూ ఆర్డర్ కూడా టైపు చేయించాడు. సాయంత్రం సంతకం పెడతానన్నాడు. నిమ్మకాయ షర్బత్‌కు పనికొస్తుందన్నాను.

పద్మ మరిది మల్లేశం నన్ను వరండాలోకి పిలిచాడు. "అన్నలకు ఒక్క మాట చేరేస్త సార్. దెబ్బకు సక్కగైతడు." నేను నోరు తెరిచేలోగా వెనక నుంచి పద్మ అందుకుంది: "నువ్వు జెర ఊకోరాదు మల్లేశం. రేపు పోలీసోళ్లు నన్ను తోలుకపోతె నీ అన్నలు అచ్చి విడిపిస్తరా?" నాదీ అదే మాట. దిష్టితో ఓడించిన మనిషిని తుపాకీతో గెలిపిస్తే అది న్యాయం కాదు, ఇంకో దిష్టి.

లోపలికి వెళ్లి ఒక పిచ్చి పని చేశాను. డ్రైవర్ సోర్సు నడిమధ్య నోటికొచ్చిన అక్షరాలు కొట్టాను. కంపైలర్ చూస్తే గోల పెట్టాలి. గోల లేదు. మళ్లీ అదే పాత తప్పు. అంటే పొద్దుటి నుంచి నేను రాసిందేదీ యంత్రం చదవనే లేదు!

నిర్మాణం నడిపే ప్రోగ్రాం ఒక్కటే చూస్తుంది: సోర్సు తేదీ ముందా, ఆబ్జెక్ట్ తేదీ ముందా అని. ఆబ్జెక్ట్ కొత్తదైతే సోర్సు జోలికి పోదు. తేదీలు చూశాను. నిన్న పుట్టిన ఆబ్జెక్ట్ ఫైలు మీద రేపటి తేదీ ఉంది.

గది తాళం మేనేజర్ దగ్గర ఉండేది, పొద్దున స్విచ్ వేసేదీ ఆయనే. గడియారం మార్చారా అని అడిగాను. ఆయనేమీ దాచలేదు. "అవ్. మీరు ఆగరేమోనని నిన్న పొద్దుగాలనే మిషన్ల గడియారం రెండు దినాలు ముందుకు జరిపిన. విదియ మంచిది. బయట అమాసైతేంది, లోపట విదియల షురూ అయితది గద! ఇయ్యాల బిల్లుల మీద తప్పు తారీఖు పడొద్దని మల్ల సక్కగ పెట్టిన." స్విచ్ వేయగానే వచ్చే నీలి తెరలో తేదీ మార్చడం పాత ఇంజనీరు దగ్గర నేర్చుకున్నాడట.

పాత ఆబ్జెక్ట్ ఫైళ్లన్నీ తుడిచాను. పిచ్చి అక్షరాలు తీసి, కోరుట్ల వరుస పెట్టి, మీట నొక్కమని పద్మనే పిలిచాను. సాయంత్రం లోపల కెర్నెల్ తయారైంది. ఎనిమిది టెర్మినళ్లూ వెలిగాయి.

సర్వీసు రిపోర్టులో కారణం రాయాలి. కరెంటు హెచ్చుతగ్గులని రాయమని రాజేశ్వర్‌రావు బతిమాలాడు. ముహూర్తం కోసం గడియారం మార్చడమే కారణమని రాసి, హాలులో అందరి ముందు చదివాను. ఆయన రిపోర్టు మీద సంతకం పెట్టలేదు, మొండికేసి బల్ల మీది పద్మ బదిలీ ఆర్డర్ చేతిలోకి తీసుకున్నాడు. పద్మ కుర్చీలోంచి కదలలేదు. "ఇయ్యుండ్రి సారు. గని ఎందుకు మారుస్తున్నరో అండ్ల రాసియ్యుండ్రి. మొగడు సచ్చిండని రాయుండ్రి. మీ దస్కత్ కింద నేను గూడ చేస్త."

ఆయన కలం తెరిచాడు, మూశాడు. ఆ ఆర్డర్ వెలువడలేదు. మేనేజర్ సంతకం లేని రిపోర్టు తెచ్చినందుకు జగిత్యాలలో నాకు మెమో ఇచ్చారు. తీసుకున్నాను.

ఆ తర్వాత ఏ వైఫల్యానికైనా నా మొదటి పరీక్ష అదే: ఎంత మార్చినా తప్పు మారకపోతే, ఇంకో మార్పు చేయకముందు యంత్రం నా మార్పు చదువుతోందో లేదో తేల్చుకోవాలి. వాదనలోనూ ఇదే పాటించాను. చదవనని కూర్చున్నవాడికి సోర్సు ఎన్నిసార్లు దిద్ది ఇచ్చినా దండగే. అతని కారణాన్ని అతని చేతనే కాగితం మీద రాయమనాలి.