క్రీమ్ సీటు మీద పసుపు చెయ్యి

ఇలా దగ్గరికి జరిగి కూర్చోండి, ఫ్యాను గాలి ఇక్కడిదాకా వస్తుంది. కార్ల లోపల శుభ్రం చేయడానికి ఏముంటుందని చాలామంది అడుగుతారు నన్ను. ఆదెమ్మ గారి చెయ్యి సంగతి వింటే మీకే తెలుస్తుంది.

కరోనా గోల సద్దుమణిగిన మరుసటి ఏడాది, మిరప కోతల కాలం. పెదకాకాని గుడికి వెళ్లే దారిలో మా ఆయనా నేనూ రేకుల షెడ్డు వేసుకుని ఈ పని చేస్తున్నాం. దీన్ని ఇంటీరియర్ డీటెయిలింగ్ అంటారు. బయట నీళ్లు కొట్టి కడగడం కాదు. సీట్లు, డాష్‌బోర్డు, ఏసీ గాలి వచ్చే సందులు అన్నీ దుమ్ము తీసి, తుడిచి, ఎండకు పాడవకుండా పూత వేయడం. మా వైపు సగం పని మిరప దుమ్ముతోనే. మిర్చి యార్డుకు వెళ్లొచ్చిన బండి తలుపు తీస్తే ముందు తుమ్ము వస్తుంది, తర్వాతే నమస్కారం.

ఆ గుడిలో కొత్త బండ్లకు పూజ చేయించడం చుట్టుపక్కల ఊళ్లన్నిటికీ అలవాటు. ఆ రోజు ఎండ ముదురుతుండగా తెల్ల కారొకటి, బానెట్ మీద పూలదండ ఇంకా వాడకుండానే, మా షెడ్డు ముందు ఆగింది. దిగినాయన పర్చూరు రైతు సుబ్బారావు గారు. ముఖం మాడిపోయి ఉంది. పక్కన ఆయన భార్య లత. వాళ్ల వెనకే ఒక ఆటో ఆగింది. అందులోంచి పెద్దావిడ ఒకరు దిగి, కారు వంకైనా చూడకుండా మా బల్ల చివర కూర్చున్నారు. ఆవిడే సుబ్బారావు గారి తల్లి, ఆదెమ్మ గారు. కొడుకు కొత్త కారుండగా తల్లి ఆటోలో రావడమేమిటో నాకు అర్థం కాలేదు.

కారు తలుపు తీశాను. డ్రైవరు పక్కనున్న క్రీమ్ రంగు తోలు సీటు మీద ఎర్రగా ఒక చెయ్యి. అయిదు వేళ్లూ అరచేయీ గోడకు అద్దినట్టు పడి ఉన్నాయి.

"రక్తంలా లేదూ?" అంది లత గొంతు తగ్గించి. "గుడి దగ్గర చూసినోళ్లంతా అపశకునం అన్నారండీ."

జరిగింది ఇదీ. పూజ కాగానే ఆదెమ్మ గారు ఇంటి గడపకు రాసినట్టే కారు తలుపుల కింది అంచులకు పసుపు రాశారు. లేవబోతే మోకాళ్లు సహకరించక సీటు మీద చెయ్యి ఆనించారు. కొడుక్కి ఒళ్లు మండి, "నీ చెయ్యి పడితే ఏదీ బాగుపడదే అమ్మా!" అని అందరి ముందూ అరిచాడు. పైగా బట్టలుతికే పొడి తెచ్చి తడిగుడ్డతో రుద్దాడు. పసుపు కాస్తా ఎర్రబడింది.

మర్నాడు అద్దంకిలో మనవరాలి నిశ్చితార్థం. ఆదెమ్మ గారు దానికీ రానంటున్నారు.

"నా చెయ్యి మంచిది కాదన్నాడుగా," అన్నారావిడ రోడ్డు వైపు చూస్తూ. "శుభకార్యంలో నేనెందుకు? మీరెళ్లండి. నేను బస్సెక్కి ఇంటికి పోతా."

నేను బల్ల దగ్గరికి వెళ్లాను. "పెద్దమ్మా, పారాణి దేంతో కలుపుతారు?"

"పసుపూ సున్నమూ. ఆ మాత్రం తెలవదా నీకు?"

"సున్నం పడితే పసుపు ఏమవుద్ది?"

"ఎర్రబ..." అని ఆగిపోయారు. నన్ను చూశారు, కారును చూశారు. మోకాళ్ల మీద చేతులాన్చి లేచారు. "ఓరి నీ! ఆ బట్టల పొడిలో సోడా ఉంటదిగా, అదీ సున్నం లాంటిదే!" అంటూ కారు దగ్గరికి వచ్చి, కళ్లు చికిలించి సీటు చూశారు. "పారాణేరా ఇది, వెర్రి వెధవా! పెళ్లికూతురి కాళ్లకి పెట్టేది. దీన్ని పట్టుకుని అపశకునమంటారా?"

లత చీరకొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వింది. సుబ్బారావు గారు మాత్రం నవ్వలేదు. "శకునం సంగతి సరే. మరి మరక పోవద్దా?"

తోలు సీటు పైన సన్నటి రంగు పూత ఉంటుంది, టాప్ కోట్ అంటాం. గట్టిగా రుద్దితే మరక కంటే ముందు అదే ఊడుతుంది. అందుకే సోడా లేని క్లీనర్‌ను నురుగు చేసి మెత్తటి బ్రష్‌తో అద్ది, సబ్బంతా గుడ్డతో తీసేశాను. పులుపు తగిలితే ఎరుపు విరుగుతుందని ఆదెమ్మ గారు పూజ నిమ్మకాయ ఇవ్వబోయారు.

"వద్దు పెద్దమ్మా, దాని గుజ్జు కుట్లలో ఇరుక్కుంటే జిగురు పట్టుద్ది," అని, బోలెడు నీళ్లలో వెనిగర్ చుక్కలు కలిపి, మొదట సీటు అడుగున కనబడని చోట తుడిచి చూశాను. రంగు కదల్లేదు. అప్పుడు చేతిగుర్తు మీద అద్దాను. చూస్తుండగానే ఎరుపు విరిగి పసుపు తిరిగొచ్చింది.

"ఇంక ఎండే," అన్నాను.

"కొత్త తోలు ఎండబెడతారా? పగిలిపోదూ?" అన్నారు సుబ్బారావు గారు.

"చీరకంటిన పసుపు ఎండలో ఆరేస్తే వెలిసిపోదేంట్రా? ఆవిణ్ణి చెయ్యనీ!" అని తల్లి గదిమారు.

ఆయన భయంలోనూ అబద్ధం లేదు. అందుకే చేతిగుర్తు మేరకు వదిలి మిగతా సీటంతా తెల్లటి పాత పంచెతో కప్పాను. అద్దం అడ్డముంటే ఎండ బలం తగ్గుతుంది కాబట్టి తలుపు తెరిచే ఉంచాం. ఇక చూడాలి ఆదెమ్మ గారి హడావిడి! కళ్లంలో మిరపకాయలు ఎండబెట్టిన మనిషి, ఎండ ఎటు కదిలితే అటు కళ్లు.

"ఏరా, నీడ పడతంది, బండి కాస్త ఎడంపక్కకి తిప్పు!"

సుబ్బారావు గారు పరుగున ఎక్కి తిప్పేవారు.

"అంత కాదు! వెనక్కి రా. ఆఁ, అక్కడ ఆపు!"

"డ్రైవింగ్ నేర్పుతున్నావా నాకు?"

"నడక నేర్పింది ఎవర్రా?"

పొద్దున్నుంచీ మాటల్లేని తల్లీకొడుకులు మా షెడ్డు ముందు నానా గొడవా చేశారు. మా ఆయన పని ఆపి మరీ విన్నాడు. మధ్యలో లత అందరికీ మజ్జిగ పోసింది.

పొద్దు వాలేసరికి పంచె తీశాను. వేళ్ల గుర్తు లేదు, అరచెయ్యీ లేదు. ఎండకు తోలు బిగుసుకోకుండా కండిషనర్ పట్టించి, మళ్లీ మరక లోపలికి దిగకుండా పైన రక్షణ పూత వేసి, ఆరాక మెత్తటి గుడ్డతో తుడిచాను. సుబ్బారావు గారు వంగి, ఈ పక్కనుంచీ ఆ పక్కనుంచీ వెలుగులో చూసి, నిటారుగా నిలబడ్డారు.

"సాధించారండీ!" అన్నారు.

"నేనా? ఎండకు కాపలా కాసింది ఎవరు?" అన్నాను.

ఆయన తల్లి దగ్గరికి వెళ్లారు. "రామ్మా, ముందు సీట్లో కూర్చో."

ఆవిడ రెండు చేతులూ కొంగుకు తుడుచుకున్నారు. తుడిచినవే మళ్లీ తుడుచుకున్నారు. "మళ్లీ అంటుకుంటదేమోరా."

సుబ్బారావు గారు ఆ చేతిని పట్టుకుని, తెచ్చి, అదే సీటు మీద పెట్టారు. "అంటనీ. తప్పుగా వాగాను. రేపు పిల్లకి మొదటి బొట్టు ఈ చెయ్యే పెట్టాలి."

ఆవిడ చెయ్యి ఆనించి, మోకాలు మడిచి, ఎక్కి కూర్చున్నారు. కారు కదులుతుంటే కిటికీ లోంచి నాకు వినబడింది: "ఏరా, నెమ్మదిగా పోనీ. కొత్త బండి!"

ఆ రోజు నుంచీ ఏ కారు వచ్చినా మరక ముట్టుకోకముందే దాని మీద ఇంతకుముందు ఏం రుద్దారో అడుగుతాను. ఆ వెంటనే, బండి దిగి దూరంగా ఎవరు కూర్చున్నారో చూస్తాను. పని సగం అక్కడే ఉంటుంది.

ఇంతసేపు విన్నారు, చల్లగా ఉండండి. మీ గడపకు పసుపు రాసే చేతులు నూరేళ్లు నిండుగా ఉండాలి, మీ ఇంటి బండిలో అందరికీ చోటుండాలి.